ఎడమకాలి చిటికెనవేలు

“ఆంటీ, మళ్లీ స్టార్ట్ అయింది.”

బల్ల మీద కూర్చున్న ఆరుష్ పళ్లు బిగబట్టాడు. ప్రేమజ్యోతి గడియారం వంక చూసింది. కొలరాడో కొండ మీద స్కీ పోటీలు. ఆటగాళ్ల ఫిజియోథెరపీ గదిలో ఆమెకు డ్యూటీ. ఇర్వింగ్ ఊరి నుంచి వచ్చిన ఈ కుర్రాడి రేసు ఇంకో అరగంటలో ఉంది. ఇది తప్పిందంటే టీమ్‌లో చోటు పోయినట్టే.

“ఎక్కడ నాన్నా?”

“లెఫ్ట్ ఫుట్. చిటికెనవేలు. ఎవరో ట్విస్ట్ చేస్తున్నట్టు ఉంది.”

గదిలో ఐసు ఉంది, టేపు ఉంది, కరెంటు మెషీను ఉంది. ఏ ఒక్కటీ దీనికి పనికిరాదు. మాత్ర వేస్తే మగత. మగతలో ఉన్నవాణ్ణి కొండ మీది నుంచి వదిలేంత బుద్ధితక్కువది కాదు ఆమె.

కోచ్ తలుపు తోసి, “పేరు తీసేయమంటారా?” అని అడిగాడు.

“పది నిమిషాలు ఆగలేరా?” అని కసిరింది. కోచ్ తలుపు మూసేశాడు.

“చిన్నప్పుడు కాళ్లు లాగితే ఇంట్లో ఏం చేసేవాళ్లు?”

“నానమ్మ మెటికలు విరిచేది. వియర్డ్‌గా ఉండేది, బట్ నొప్పి పోయేది.”

చదువు నేర్పిందీ, ఆ నానమ్మ చేసిందీ కలిపి చూద్దామనిపించింది ప్రేమజ్యోతికి. గోడకున్న అద్దం ఊడదీసి అతని కుడికాలి పక్కన, లోపలివైపు నిలబెట్టింది. అందులో ఆ కాలు అచ్చం ఎడమకాలిలా కనబడుతోంది.

“కుడికాలు చాపు. అద్దంలోకే చూడు, చూపు తిప్పావంటే ఊరుకోను.”

“రైట్‌కి చేస్తే లెఫ్ట్‌లో పోతుందా ఆంటీ?”

“నోరు మూసుకుని చూడు.”

ప్రభువా, ఈ ఒక్క పూట గట్టెక్కించు అనుకుంటూ కుడి చిటికెనవేలు పట్టి మెల్లగా లాగింది. మెటిక టక్కుమంది.

ఆరుష్ అద్దం వైపు ఇంకాస్త వంగాడు. “ఇంకోసారి,” అన్నాడు. మళ్లీ లాగింది. ఈసారి చప్పుడు రాలేదు గానీ బిగుసుకున్న అతని భుజాలు సడలాయి.

“లెఫ్ట్‌ది వదిలేసింది ఆంటీ. నిజంగా వదిలేసింది.”

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. అది కనబడనీయకుండా హీటర్ దగ్గర ఆరబెట్టిన బూటు తెచ్చిచ్చింది. ఆరుష్ దాన్ని బిగించుకుని, హెల్మెట్ పెట్టుకుని, తలుపు బయట ఆగి ఉన్న కోచ్ భుజం మీద చెయ్యేసి రేసుకి వెళ్లిపోయాడు.

ప్రేమజ్యోతి అద్దం మళ్లీ గోడకి తగిలించి ఫారం ముందేసుకుంది. నొప్పి ఉన్న చోటు: ఎడమకాలి చిటికెనవేలు. ఫలితం: తగ్గింది.

ఆ కాలిని మూడేళ్ల కిందటే తీసేశారు.