ఎక్కడ ఆగిందమ్మా?

పసుపు సుద్ద చేతిలోకి తీసుకుందో లేదో, వెలుగు చక్కా పోయింది.

"దీని దుంపతెగ!" అంది అడవి చెట్ల కింద బొమ్మ వేస్తున్న డ్రాయింగు టీచరు.

"ఎవరినమ్మా తిడుతున్నారు?"

వెనక్కి తిరిగి చూసింది. నెత్తిన ఎండుపుల్లల మోపుతో ఎవరో ముసలాయన.

"ఎండని తాతా. పాస్టెల్ సుద్దల బొమ్మకి చీకటంతా ముందు వేసుకోవాలి, వెలుగు ఆఖర్న పెట్టాలి. తీరా పెట్టబోతే అదేమో ఉండదు. ఇంకాసేపు నిలబడితే దాని సొమ్మేం పోయింది?"

"ఎక్కడ ఆగిందమ్మా?"

ఆ ప్రశ్నకి ఆమెకు నవ్వొచ్చింది. సుద్దతోనే పైకి చూపించింది.

"అదిగో, ఆ వంకర కొమ్మ వెనక."

ముసలాయన కళ్లు చికిలించి పైకి చూశాడు. ఆమె మాత్రం మోపువైపు చూసింది.

"పచ్చి కొమ్మలు కొట్టవు కదా తాతా?"

"అబ్బే! ఎండి రాలినవి ఏరుకుంటానంతే. గార్డుగారు ఒప్పుకున్నది అంతవరకే."

ఆమె నమ్మింది.

మర్నాటి నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది. స్కూలుకి వెళ్లేముందు ఆమె అడవి అంచున బొమ్మ వేసుకునేది. ఆయన పుల్లలు ఏరుకుంటూ వచ్చేవాడు. గాలి వీస్తే అట్ట పట్టుకునేవాడు. ఆమె కాగితం మీది రంగుపొడి ఊదితే తుమ్మేవాడు.

"ఇంత చదువూ చదివి చివరికి సుద్దముక్కలేనా అమ్మా?"

"నోరు మూసుకుని టీ తాగు."

ఆయన ఆమెకు సుద్దముక్కలమ్మ అని పేరు పెట్టేశాడు. ఫ్లాస్కు మూతలో టీ తాగి, లేచేముందు తప్పకుండా అడిగేవాడు.

"ఇవాళ ఎక్కడ ఆగిందమ్మా?"

ఆమె సుద్దతో ఓ రోజు చీలిన కొమ్మ, ఓ రోజు బుడిపెల కొమ్మ చూపించేది. ముసలాయన కాలక్షేపం అనుకునేది.

చిత్రమేమిటంటే, వెలుగు రోజురోజుకీ ఎక్కువసేపు నిలబడసాగింది. బొమ్మలకి కళ వచ్చేసింది.

"నీకూ సూర్యుడికీ ఏదో ఒప్పందం ఉన్నట్టుందే!" అంది వాళ్లక్క.

"ఓపిక ఉండాలక్కా. ఓపిక ఉంటే ఎండ కూడా మాట వింటుంది" అంది టీచరు, కాస్త గర్వంగానే. కొమ్మ చూపించే ఆ ఒక్క క్షణం తప్ప, ఆవిడ చూపెప్పుడూ నేలమీద పడిన వెలుగు మీదే. పైన చెట్టు ఎలా ఉందో ఆవిడకెందుకు?

ఆ బొమ్మలు చూసి పెద్ద గ్యాలరీ వాళ్లు కబురు చేశారు. ఆ వెలుగునే నిలువెత్తు బొమ్మగా వేసివ్వాలి. ఇన్నేళ్లుగా ఆమె ఎదురుచూసిన పిలుపు అది. చీకట్లన్నీ వేసేసింది. వెలుగొక్కటే మిగిలింది.

ఆ ఆత్రంలో ఒకరోజు మరీ పెందలాడే వచ్చింది.

పైనుంచి రంపం చప్పుడు వినిపించింది.

తలెత్తి చూస్తే చెట్టుమీద ముసలాయన. సగం తెగిన కొమ్మ నిండా పచ్చటి ఆకులు.

"తాతా!"

ఆయన గబగబా దిగాడు. రంపం వెనక దాచుకున్నాడు.

"ఇంత పొద్దున్నే వస్తారనుకోలేదమ్మా..."

"వస్తే దొరికిపోతావనా?"

"అది కాదమ్మా. ఆ కొమ్మ అడ్డంగా..."

"ఎవరికి అడ్డం? నీ పొయ్యికా? రాలినవే ఏరుకుంటానని నా మొహం మీద చెప్పావే! నా టీ తాగుతూ, నా పక్కన కూర్చుని, ఇదా నువ్వు చేసే పని?"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

"దొంగ!" అనేసిందామె. కొమ్మ పోయినందుకంటే నమ్మి మోసపోయినందుకే ఆమెకు ఒళ్లు మండింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

నేరుగా అడవి గార్డు దగ్గరికి వెళ్లింది.

"పోనీలెండి మేడమ్, పెద్దాయన" అని నసిగాడు గార్డు.

"సొంతమనిషిలా చూసుకున్నాను. వెన్నుపోటు పొడిచాడు. మళ్లీ ఈ చెట్ల కింద కనపడకూడదు."

కనపడలేదు.

వెలుగూ కనపడలేదు.

మొదట మబ్బు అనుకుంది. తర్వాత పొగమంచు అనుకుంది. మబ్బు లేదు, మంచు లేదు, ఎండ మాత్రం పైనెక్కడో కొత్తగా గుబురెక్కిన ఆకుల్లో చిక్కుకుని కిందికి దిగడం లేదు. కళ్లెదుట లేని వెలుగును ఊహించి వేయడం ఆమెకు చేతకాదు. నిలువెత్తు బొమ్మ చీకట్లతోనే నిలబడి ఉంది. పసుపు సుద్ద చేతిలో పట్టుకుని రోజూ ఊరికే కూర్చుని వెళ్లిపోతోంది.

ఒకరోజు గార్డు వచ్చాడు.

"మేడమ్, ముసలాయన ఈ చుట్టుపక్కలే లేడు. పుల్లలు లేకపోతే పొయ్యి ఎలా వెలుగుతుంది? ఊరొదిలి పోయాడు."

ఆమె పసుపు సుద్దనే వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుంది.

"పోతూ పోతూ నన్నొక మాట అడిగాడు. సుద్దముక్కలమ్మకి ఇవాళ ఎక్కడ ఆగిందో కనుక్కున్నారా అని. ఏమిటి మేడమ్, ఆగింది?"

ఆమె చేతిలో సుద్ద జారిపడింది.

"ఇంకోటి చూపిస్తాను, రండి" అన్నాడు గార్డు.

పొదల వెనక కొమ్మల కుప్ప ఉంది.

"కట్టెల కోసమైతే మోసుకుపోయేవాడు కదా? ఒక్కటీ తీసుకెళ్లలేదు. మీ కంటపడకుండా ఇక్కడికి లాక్కొచ్చి పడేశాడు. ఎందుకు కొట్టాడో నాకైతే అంతుబట్టడం లేదు."

ఆమె ఒక్కొక్క కొమ్మనూ పక్కకు లాగింది. చీలిన కొమ్మ. బుడిపెల కొమ్మ. అన్నీ తను చూపించినవే, చూపించిన వరసలోనే ఉన్నాయి. అడుగున, ఆకులన్నీ రాలిపోయి, మొదటిరోజు చూపించిన వంకర కొమ్మ.

ఆమె దొంగ అని తరిమేసినవాడే, రోజూ ఆమెకంటే ముందొచ్చి ఆ వెలుగును కిందికి దించి వెళ్లేవాడు.