నేలవేము

అఖిల, నాయనమ్మ చేతిలోని గ్లాసు అందుకుంది. పెరట్లోకి నడిచి, అందులోని నేలవేము కషాయాన్ని మోరీలో పారబోసింది.

"మళ్ల కాస్తే గిన్నెతో సహా పారబోస్త," అంది.

పత్తర్‌గట్టి మూలికల దుకాణంలో ఆ ఆకు కొనుక్కొచ్చింది ఆమె అన్న మురళి. అతనికి ఒళ్లు మండింది.

"నువ్వే గదా చెప్పినవ్? నువ్ పని చేసే ల్యాబ్‌ల గీ ఆకు సత్తుతోనే క్యాన్సర్ కణాలు చస్తున్నయని?"

గౌలిపురలోని ఆ పాలవాళ్ల ఇంట్లోకి పెద్దపేగు క్యాన్సర్ వచ్చినప్పటి నుంచి ఇదే లొల్లి. తండ్రి కొండల్ బర్రెల దగ్గరికి పోవడం మానేశాడు. ముద్ద దిగడం లేదు. చొక్కా భుజాల మీంచి జారుతోంది.

"చచ్చినయి గాజు పళ్లెంల కణాలు, అన్నా. గది మనిషి పేగు కాదు. ఎంత ఇయ్యాలె, కీమోతో కలిస్తే ఏమైతది, ఇంకా ఎవ్వరికీ తెల్వది."

"ఇంట్ల మనిషికి అక్కరకు రాని సదువెందుకే?" నాయనమ్మ కొమురమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "గా సూదులతోని పానం గుంజుతదంట. ఆకు పసరు ఏం జేస్తది?"

"ఏం జేస్తదో తెల్వది నాయనమ్మా. గందుకే వద్దంటున్న."

గోడకు ఆనుకుని కూర్చున్న కొండల్ ముందుకు వంగాడు. కూతురి చేయి పట్టుకున్నాడు.

"ల్యాబ్‌ల కెల్లి ఒక్క సీసా తేరాదా బిడ్డా? ఎవ్వరికీ చెప్పం. నా పానం నిలుపు."

అఖిల చేయి విడిపించుకుంది.

"ఆ ఆకు మీద నాకున్నంత ఆశ మీకెవ్వరికీ లేదు బాపు. ఒకనాడు మందైతదేమో. ఇయ్యాల కాదు. దొంగతనంగ తెస్తే నా పని మీద నేనే ఉమ్మేసినట్టు."

"మస్తు మొండిదానివే," అన్నాడు మురళి.

"అవ్. రేపు దవాఖానకు పోవుడే."

మర్నాడు ఆటో దిగుతూనే కొండల్ తూలాడు. అఖిల ఆయన భుజం కింద చేయి వేసి మెట్లెక్కించింది. మెల్లగా కీమో వార్డు దాకా నడిపించింది.

నర్సు తెర జరిపి సూది అందుకుంది. కొండల్ సూదినే చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"భయమైతుందా బాపు?"

"అయితుంది బిడ్డా."

"సూది దిక్కు చూడకు. కండ్లు మూసుకో."

అఖిల తండ్రిని పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పులు విడిచి, మంచమెక్కి పడుకుని, తన పేగు క్యాన్సర్‌కు ఎక్కించే మందు కోసం నర్సుకు చేయి చాపింది.