మూడో మైకు

చేలల్లో కప్పల బెకబెకలు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఎంత తగ్గాయో కొలవడమే కాలేజీ లెక్చరర్ హన్నా పరిశోధన. కొత్తపేట దగ్గర కేశవరావుగారి వరిచేను గట్టు మీద మూడు మైకులు పెట్టింది. ఒకటి కాలువ దగ్గర, ఒకటి మధ్యలో, మూడోది తన కాళ్ల దగ్గర. ల్యాప్‌టాప్‌లో మైకుకొకటి చొప్పున మూడు గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఆమె, కేశవరావుగారు చీకట్లో కదలకుండా కూర్చున్నారు. గుసగుసలైతే కప్పలు పట్టించుకోవు. అడుగు పడితే మాత్రం నోరు మూస్తాయి.

కాలువ దగ్గరి గీత పడిపోయింది.

"మైకు పాడైందా అమ్మా?" అన్నారు కేశవరావుగారు.

"లేదండీ. అక్కడ కప్పలు ఆగిపోయాయి."

"అయితే ఎవరో గట్టెక్కేరు." ఆయన టార్చి వేశారు. గట్టంతా ఖాళీ. వరి ఆకు కూడా కదల్లేదు.

కాసేపటికి ఆ గీత మళ్లీ లేచింది. వెంటనే మధ్య గీత పడిపోయింది. టార్చి వెలుగులో మైకు ఒక్కటే కనిపిస్తోంది.

మధ్య గీతా లేచింది. వాళ్ల కాళ్ల దగ్గర అరుస్తున్న కప్పలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

కాలువ వైపు బెకబెకలు హోరెత్తుతున్నాయి. ఇక్కడ, కాళ్ల దగ్గర మాత్రం హన్నా ఊపిరి తప్ప మరో చప్పుడు లేదు.

"వెళ్లిపోయిందంటారా?" అంది హన్నా.

కేశవరావుగారు టార్చి ఆర్పేశారు.

"వెళ్లిపోతే కప్పలే చెబుతాయమ్మా."

వెనక చేలోనూ కప్పలు అరుస్తూనే ఉన్నాయి. మూడో గీత లేవలేదు.