మూత తీయని సీసా

"మా ఆయన హాలిస్ పోయాక దీని మూతే తీయలేదే లొరెట్టా," అంటూ వెర్నా సీసా అందించింది. క్యాన్సర్ నొప్పి తగ్గించే మత్తుమాత్రలు.

ఇళ్లలో మిగిలిపోయిన ఇలాంటివి మత్తు కోసం మింగే కుర్రకారు చేతుల్లో పడకూడదని, కాల్చేయడానికి ఊరి సంఘం తరఫున లొరెట్టా చర్చి ముందు బల్ల వేసుకుని సేకరిస్తోంది. సీసా మీది పేరు కొట్టేసి, మాత్రలు పెట్టెలోకి వంపబోయి ఆగింది.

లోపలున్నవి మత్తుమాత్రలు కావు, తన ఇంట్లో ఉండే మామూలు తలనొప్పి మాత్రలు.

"ఇవి ఆయనకెవరు వేసేవాళ్లు?"

"ఇంకెవరు, మీ టెస్సానే! నేను డ్యూటీకెళ్తే వేళ తప్పకుండా వేసేది. అయినా ఆఖరి వారం ఆయన అరుపులు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. ఆ నొప్పికి ఏ మందూ పనిచేయదన్నాడు డాక్టరు."

పక్క బల్ల దగ్గర్నుంచి కూతురు టెస్సా చెయ్యి ఊపింది.

"బంగారుతల్లి. దానికి మళ్లీ థాంక్స్ చెప్పవే."

లొరెట్టా సీసా మొత్తం వంపేసింది. పెట్టెలో పడ్డవి ఇక ఎవరూ తీసి చూడరు.

"చెప్తాను," అంది.