పడుకున్న మనిషికి క్రాపు

అందరూ బొమ్మతలను స్టాండుకు బిగించుకుని జుట్టు కత్తిరిస్తుంటే, మిస్ ఎర్లీన్ మాత్రం తన బొమ్మతలను బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టింది.

“అత్తా, నీ కస్టమరు గురక పెడుతున్నాడు చూడు!” అన్నాడు పక్క కుర్చీ దగ్గరున్న టవారిస్.

క్లాసంతా గొల్లుమంది. హ్యూస్టన్‌లోని ఆ బార్బర్ స్కూల్లో యాభై దాటిన మనిషి ఆమె ఒక్కతే. కుర్రకారు ఆటపట్టించకుండా ఊరుకుంటారా?

ఆమె నవ్వలేదు. జుట్టు కత్తిరించే మిషన్ ఆన్ చేసింది. ఆ గుయ్‌మనే చప్పుడుకు ఆమె చెవుల్లో నాలుగేళ్ళ కొడుకు లొనెల్ ఏడుపు మొదలైంది. చిన్నప్పుడు ఆ చప్పుడంటే వాడికి హడల్. ఒళ్ళో అదిమి పట్టుకుని బుజ్జగిస్తూ కత్తిరించేది. ఇప్పుడు బొమ్మను కూడా అలాగే బుజ్జగిస్తోంది.

“అయిపోయింది నాన్నా... అయిపోయింది. భయం లేదు.”

నవ్వుతున్నవాళ్ళు కాస్త దూరం జరిగారు.

అది చూసి పర్విస్ మాస్టారు తల పట్టుకున్నారు. “ఏంటమ్మా ఇది? పరీక్షలో మనిషి కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు.”

“పరీక్షకు అలాగే చేస్తాను మాస్టారూ. ఇది మావాడి కోసం. మెడ ఎత్తని మనిషికి వెనకవైపు ఎలా దిద్దాలో కాస్త చెప్పండి.”

మాస్టారి గొంతు మెత్తబడింది. “కొడుకా? మంచాన పడ్డాడా?”

“వాడి తలమీద ఇంకొకరి చెయ్యి పడటం నాకిష్టం లేదు మాస్టారూ. లైసెన్సు లేనిదే అక్కడ కత్తెర ముట్టుకోనివ్వరట. ఈ పరీక్ష తప్పానంటే నేర్చుకున్నదంతా దండగే.”

ఏ ఆస్పత్రి అని ఆయన అడగలేదు. తువ్వాలు చుట్టి బొమ్మ మెడకింద పెట్టారు.

“ఇలా ఎత్తు పెట్టు. తలను పక్కకు తిప్పు, లాగకు.”

ఆ రోజునుంచి క్లాసయ్యాక కూడా ఆమెకోసం ఆగేవారు. టవారిస్‌కీ సిగ్గేసినట్టుంది. తనే వచ్చి బల్లమీద వెల్లకిలా పడుకున్నాడు.

“కానియ్ అత్తా. చచ్చినా కదల్ను.”

కళ్ళు మూసుకుని నిజంగానే కట్టెలా బిగుసుకుపోయాడు. మిస్ ఎర్లీన్ మిషన్ ఆపేసింది.

“కదులు నాయనా! కాస్త ఊపిరి పీల్చు!” అని అరిచింది.

కుర్రాడు అదిరిపడి లేచి కూర్చున్నాడు. ఆమె వాడి తలను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పరీక్ష రోజున మాత్రం ఆమె చెయ్యి ఎక్కడా ఆగలేదు. పక్కజుట్టు నున్నగా దిగింది. మెడమీది గీత వంకరపోలేదు. పరీక్షకులు కూడా తలూపారు. వారం తిరక్కుండానే లైసెన్సు చేతికొచ్చింది.

మాస్టారి సంతోషం అంతా ఇంతా కాదు. తన సొంత మిషన్‌ను పెట్టెలో సర్ది ఆమెకిచ్చేసి, కారు తాళాలు అందుకున్నారు.

“పదమ్మా, నేనూ వస్తాను. మొదటి క్రాపు మీవాడికే కదా, ఇవాళే కానిచ్చేద్దాం!”

మిస్ ఎర్లీన్ పెట్టెను గుండెలకు హత్తుకుంది.

“ఇవాళ వాణ్ణి ముట్టుకోనివ్వరు మాస్టారూ... వచ్చే గురువారం జైల్లో మరణశిక్ష అమలై, శవాలకు ముస్తాబు చేసే ఫ్యూనరల్ హోముకు వాడి శవం వచ్చాకే.”