నలభై మూడు ఫిర్యాదులు

మార్కండేయ మొదటి ఫిర్యాదు చాయ్ బండివాడి మీద రాశాడు. వేపచెట్టు మొదట్లో వేడినీళ్లు పారబోస్తున్నాడని.

రెండు రోజుల్లో బండి పోయింది. చర్య తీసుకున్నామని వార్డు ఆఫీసు నుంచి ముద్ర వేసిన జవాబు కూడా వచ్చింది. ప్రభుత్వం ఇంత చురుగ్గా ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

తెలుగు నేతగాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ ఖటోదరాలో, మగ్గాల షెడ్ల మధ్య, ఆ వాడకు మిగిలిన ఖాళీ జాగ అదొక్కటే. ఏడు వేపచెట్లు, కాస్త గడ్డి. మునిసిపాలిటీ పటంలో తోట కోసం కేటాయించిన స్థలం. ఆ కేటాయింపు రద్దు చేస్తే పదకొండు అంతస్తులు కడతానని ఒక బిల్డర్ దరఖాస్తు పెట్టాడు. మార్కండేయ భార్య పద్మారాణికి ఉబ్బసం. నూలు దుమ్ము లేని గాలి ఆమెకు దొరికేది అక్కడే. అందుకే మార్కండేయ ఆ జాగను కాపాడటానికి పూనుకున్నాడు. ముప్పై ఏళ్లు మగ్గాల మేస్త్రీగా చేసినవాడు. పని మొదలుపెడితే లోపం ఉండనివ్వడు.

రెండో ఫిర్యాదు షిఫ్టు దిగి చెట్ల కింద పడుకునే కార్మికుల మీద. మూడోది క్రికెట్ మీద. సాయంత్రాలు అక్కడ కూర్చుని చీరలకు రాళ్లు అతికించే ఆడవాళ్ల మీద వరసగా నాలుగు. జిగురు గడ్డికి మంచిది కాదు.

ఆ ఆడవాళ్లలో సారక్క ఇంటి మీదికే వచ్చింది.

"ఏందన్నా, మేం కూసుంటె నొప్పి లేస్తుందని గా గడ్డి నీకొచ్చి చెప్పిందా?"

"బిల్డర్ మింగితే యాడ కూసుంటవ్ చెల్లె? జర ఓపిక పట్టు."

"మరి గిప్పుడు యాడ కూసోవాలె? నీ నెత్తి మీదనా?"

ఆ మాట మీద కూడా ఒక ఫిర్యాదు రాద్దామనుకున్నాడు. చెట్లకు సంబంధం లేదని మానుకున్నాడు.

దసరాకు ముందు బతుకమ్మ మీద రాశాడు. పూలు చెత్త అవుతాయి. వార్డు ఆఫీసు వాళ్లు జాగ చుట్టూ ముళ్లతీగ కట్టేశారు. ఆ ఏడాది ఆడవాళ్లు రోడ్డు మీద, టెంపోలకు దారి ఇస్తూ ఆడారు. పద్మారాణి దగ్గుతూ ఇంటికొచ్చింది.

"అందర్నీ ఎల్లగొట్టినవ్. ఇగ నా మీద ఎప్పుడు రాస్తవ్?"

"నీ కోసమే గదనే ఇదంతా."

"అయితే ఆ తీగె మీదికెల్లి నన్ను జర అవుతలికి దాటియ్యి. గాలి పీల్చుకొని వస్త."

మార్కండేయ ఆలోచించాడు. తీగ వంగుతుందన్నాడు.

బిల్డర్ దరఖాస్తు మీద విచారణ రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. చంకలో ఫైలు. నలభై మూడు ఫిర్యాదులు, నలభై మూడు జవాబులు, తేదీల వరసలో. వాడ నుంచి ఇంకెవరూ రాలేదు. జనానికి విశ్వాసం లేదనుకున్నాడు. బిల్డర్ తరఫు వకీలు ఒక్క కాగితం కూడా లేకుండా వచ్చి కూర్చున్నాడు. మార్కండేయకు అతని మీద జాలి కలిగింది.

"చెప్పండి కాకా, మీ అభ్యంతరం ఏంటి?" అని అధికారి హిందీలో అడిగాడు.

మార్కండేయ ఇరవై నిమిషాలు చెప్పాడు. రెండేళ్లుగా ఆ జాగలోకి మనిషిని రానివ్వలేదన్నాడు. ఒక కప్పు పడలేదు, ఒక బంతి పడలేదు, ఒక పువ్వు పడలేదు. ఫైలు బల్ల మీద పెట్టాడు.

అధికారి ప్రతి కాగితమూ తిప్పాడు.

"ఇదంతా నిజమేనా?"

"ముద్రలు మీవే సాహెబ్."

అధికారి వకీలు వైపు తిరిగాడు. "మరి మీ సాక్ష్యం ఏదీ?"

వకీలు లేచి, మార్కండేయకు రెండు చేతులా నమస్కారం పెట్టి, ఆ జాగను జనమెవరూ వాడుకోవడం లేదు కాబట్టి తోట అక్కర్లేదన్నదే తమ వాదన అనీ, సాక్ష్యానికి కాకా ఫైలు చాలుననీ అన్నాడు.