మణికట్టు మీద మొగలి

ఏలూరు మెయిన్ బజార్లో అత్తర్ల కొట్టు. అందులో పనికి ఇద్దరున్నారు. వచ్చే నెల నుంచి ఒక్కరే ఉంటారని యజమాని సత్యనారాయణమూర్తిగారు పొద్దున్నే చెప్పేశారు.

“ఇవాళ వచ్చే పెళ్ళి బేరం ఎవరు కుదిరిస్తే వాళ్ళే ఉంటారు. నాకు ఇద్దరూ ఒకటే,” అన్నారు.

ఇద్దరూ ఒకటి కాదు. ఫణికిరణ్ ఆయన మేనల్లుడు. హైదరాబాద్‌లో పది రోజులు ట్రైనింగ్ అయి వచ్చాడు. సీసా మూత తీసి ఒకసారి పీల్చి, అందులో ఏమేం కలిశాయో వరసగా చెప్పేవాడు. ముక్కు అలిసిపోతే వాసన చూడటానికి కాఫీ పొడి డబ్బా ఒకటి పక్కనే పెట్టుకునేవాడు.

మంగతాయారుకి ట్రైనింగూ లేదు, డబ్బా లేదు. ఇక్కడికి రాకముందు ఆకివీడులో రొయ్యలు ఒలిచే షెడ్డులో రెండేళ్ళు చేసింది. అక్కడి కంపు గురించి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఐసు గురించే అనేది. రోజంతా ఐసు ముక్కల్లో చేతులు పెట్టి పెట్టి వేళ్ళు పగిలి నెత్తురు కారేది. ఈ కొట్టులో చేరాక, ఎనిమిది నెలలకి అవి మళ్ళీ వేళ్ళలా కనిపిస్తున్నాయి.

ఈ పని పోతే మళ్ళీ ఆ షెడ్డే.

పదకొండింటికి నరసరాజుగారు, ఆయన భార్య సుందరమ్మగారు వచ్చారు. వాళ్ళ చిన్నమ్మాయి పద్మప్రియ పెళ్ళి. విడిదిలో దిగే మగపెళ్ళివారి చేతులకి రాయడానికి అత్తరు కావాలి. రాజుగారు చేపల చెరువు గట్టు మీంచి నేరుగా వచ్చినట్టున్నారు. ఫణికిరణ్ ఒకడుగు వెనక్కి వేశాడు. మంగతాయారు స్టూలు ముందుకి జరిపింది.

“కూర్చోండి రాజుగారూ.”

“కూర్చునే టైము లేదమ్మా. పెద్దమ్మాయి పెళ్ళిలో అత్తరు రాయగానే వియ్యంకుడుగారు తుమ్మడం మొదలెట్టారు. తాళి కట్టేదాకా ఆపలేదు. ఇప్పటికీ ఎప్పుడు కనబడినా అదే ఎత్తుతారు.”

“ఆయన తుమ్మితే మాటలు పడింది నేనండీ,” అన్నారు సుందరమ్మగారు.

ముందు ఫణికిరణ్ అందుకున్నాడు. ఒక సీసా తీసి పీల్చాడు.

“ముందు నిమ్మ, తర్వాత గులాబీ, అడుగున చందనం.”

ఇంకోటి తీశాడు. మధ్యలో కాఫీ పొడి. మళ్ళీ ఇంకోటి. ఆరో సీసాకి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. ఏడోది పీల్చి, “ఇది... ఇదీ మంచిదేనండీ,” అని కణతలు నొక్కుకున్నాడు.

“నువ్వు పీలిస్తే మాకెలా తెలుస్తుంది బాబూ?” అన్నారు రాజుగారు.

మంగతాయారు సీసా వాసన చూడదు. అది ఆమె పద్ధతి. అత్తరు సీసాలో ఒకలా, ఒంటి మీద ఒకలా ఉంటుందనీ, ఒకరి ఒంటి మీద ఉన్నట్టు ఇంకొకరి మీద ఉండదనీ అంటుంది. ఎవరు నేర్పారని అడిగితే, కొనేవాళ్ళే చెప్పారంటుంది.

సుందరమ్మగారి ఎడమ మణికట్టు మీద మల్లె అత్తరు ఒక చుక్క రాసింది.

“ఆ ట్రంకు పెట్టెల కొట్టు దాకా నడిచి రండి. ఒంటి వేడి తగలాలి.”

ఆవిడ వెళ్ళి వచ్చాక ఆ చెయ్యి రాజుగారి ముక్కు దగ్గర పెట్టించింది. తను ఆయన మొహం చూస్తూ నిలబడింది.

“బానే ఉంది,” అన్నారు రాజుగారు.

“లేదండీ. ఊపిరి సగంలో ఆపేశారు.”

కుడి మణికట్టు మీద వట్టివేరు రాసింది. సుందరమ్మగారు మళ్ళీ బయల్దేరారు.

“షుగరు డాక్టరు కూడా ఇంత నడిపించలేదమ్మా!”

ఈసారి రాజుగారు నిండుగానే పీల్చారు. “ఇది బాగుంది.”

“మీ కనుబొమలు ఒప్పుకోలేదండీ,” అంది మంగతాయారు.

మూడోది మొగలి. మణికట్టు మీద చోటు లేక మోచేతి మడతలో రాసింది. సుందరమ్మగారు విసుక్కుంటూ వెళ్ళి, చెమటతో తిరిగొచ్చారు.

రాజుగారు వంగి వాసన చూశారు. జేబులో సెల్‌ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఆయన మాత్రం భార్య చెయ్యి వదల్లేదు.

“వదలండి, బజారు!”

“ఉండవే.”

“ఇదేనండీ,” అని మంగతాయారు సీసా మూత బిగించింది.

రాజుగారు మొగలి అత్తరు ఎంత ఉంటే అంతా కట్టించుకుని వెళ్ళారు. పెళ్ళి శుభలేఖ మంగతాయారుకి కూడా ఒకటి ఇచ్చారు.

సత్యనారాయణమూర్తిగారు మేనల్లుడి వైపు తిరిగారు. “ఫణీ, నువ్వు తాడేపల్లిగూడెం వెళ్ళి మీ నాన్న ఉల్లిపాయల కొట్టు చూసుకోరా.”

ఫణికిరణ్ కాఫీ పొడి డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

“మొగలే అవుతుందని మీకెలా తెలిసిందండీ?”

“రాజుగారి మొహం చూశానండీ.”

అసలు సంగతి దాస్తోందని అనుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం కొట్టు కట్టేస్తూ సత్యనారాయణమూర్తిగారు సీసా అడుగున మిగిలిన మొగలి చుక్క ఆమె మణికట్టు మీద రాశారు. “ఏలూరు మొత్తం మీద ఇలాంటి ముక్కు ఇంకోటి లేదమ్మా,” అన్నారు.

మంగతాయారు తల వంచుకుని దణ్ణం పెట్టింది. కైకలూరు బస్సులో పక్క సీటావిడ రెండుసార్లు ఆమె వైపు తిరిగి చూసింది.

ఇంటికి చేరగానే మంగతాయారు ఆ మణికట్టుని తల్లి ముక్కు దగ్గర పెట్టి, పుట్టిన దగ్గర్నుంచీ ఏ వాసనా ఎరగని తను రోజూ అడిగినట్టే అడిగింది: “మొగలి ఎలా ఉంటుందే అమ్మా?”